మట్ట దిగని పెళ్లి

నాకు పెళ్లయిన ఆరు నెలల దాకా మా ఆవిడ పుట్టింట్లోనే ఉంది. వినగానే మీరు ఏవేవో ఊహించుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, రెండు వైపులా ఏ గొడవా లేదు. సూర్యకళకి నేనంటే ఇష్టం. నాకు సూర్యకళంటే పిచ్చి. వాళ్లిల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. రోజూ పొద్దున్న వీధి కుళాయి దగ్గర కలుసుకునేవాళ్లం. బిందె నిండేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం. నిండగానే ఆవిడ అటు, నేను ఇటు. పెళ్లయ్యాక కుళాయిలో నీళ్లు సన్నగా వస్తే సంతోషించిన మగాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే.

కారణం చిన్నది. మేమిద్దరం ఒకే తాటికమ్మ మీద కూర్చుని ఇసకమెట్ట దిగలేదు.

మాది నువ్వలపేట. ఊరికి తూర్పున సముద్రం, ఊరికీ సముద్రానికీ మధ్య మూడు తాటిచెట్ల ఎత్తున ఇసకమెట్ట, దాని పక్కన తాటితోపు. ఎండిన కమ్మ దానంతట అదే రాలుతుంది. దాని ఆకు మీద కూర్చుని, మట్టని కాళ్ల మధ్యనుంచి ముందుకు పెట్టి పట్టుకుని, కాస్త వెనక్కి వాలితే చాలు, మిగతా పని మెట్ట చూసుకుంటుంది. దీన్ని మావాళ్లు మట్ట దిగడం అంటారు. ఆదివారం భోజనాలయ్యాక ఊరు ఊరంతా అక్కడే ఉండేది. గెడ్డం నెరిసినవాళ్లూ దిగేవాళ్లు, చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తల్లులూ దిగేవాళ్లు. ఖర్చు ఏమిటంటారా, ఇంటికొచ్చాక చెవుల్లోంచి ఇసక దులుపుకోవడమే.

మూడుముళ్లు పడ్డ మర్నాడు కొత్త జంట కూడా దిగాలి. పెళ్లికూతురు ముందు కూర్చుని మట్ట పట్టుకుంటుంది. పెళ్లికొడుకు వెనక కూర్చుని పెళ్లికూతుర్ని పట్టుకుంటాడు. మధ్యలో ఎవరు దొర్లిపోయినా మళ్లీ ఎక్కి మళ్లీ దిగాలి. ఇద్దరూ విడిపోకుండా కిందికి చేరాక, ఊరిపెద్ద నీలాచలం తాత పెళ్లిళ్ల పుస్తకంలో పేర్లు రాసి సంతకం పెడతాడు. అప్పుడే పిల్ల అత్తారింటి గడప తొక్కుతుంది. మా అమ్మా నాన్నా పదకొండోసారికి దిగారట. నాన్న మీద కోపం వచ్చినప్పుడల్లా మా అమ్మ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

ఇలా ఎవరి జోలికీ పోకుండా జారుకుంటున్న మా ఊరికి రెండేళ్ల కిందట ఒక జీపు వచ్చింది.

అందులోంచి ఇసుక క్రీడల అభివృద్ధి మండలి జాయింట్ డైరెక్టరు, శ్రీ విన్నకోట సత్యప్రసాద్ గారు దిగారు. ఆ మండలికి అప్పటికే ఒక భవనం, ఒక జీపు, ఒక ముద్ర ఉన్నాయి. క్రీడ ఒక్కటే లేదు. ఇసుకని అర్థం చేసుకోవాలంటే ముందు మంచుని చూసి రావాలని పైవాళ్లు నిర్ణయించి, ఆయన్ని పన్నెండు రోజులు ఒక మంచుదేశానికి పంపించారు. ఆయన వెళ్లారు, చూశారు, జలుబుతో తిరిగొచ్చారు. మా మెట్ట కింద కుర్చీ వేయించుకుని ఊరివాళ్లని ఉద్దేశించి ప్రసంగించారు.

“అక్కడ మంచుకొండల మీద జారుతారు. దానిని స్కీయింగ్ అందురు. ఒకప్పుడు ఆ దేశపు రైతులు రెండు చెక్కలు కాళ్లకి కట్టుకుని, రొట్టెముక్క జేబులో వేసుకుని, ఊరికే జారేవారట. బడిపంతుళ్లు, పోస్టుమన్లు, పాలమ్ముకునేవాళ్లు కూడా జారేవారట! ఎంతటి వెనకబాటుతనం! ఈనాడు అక్కడ ఒక్కరోజు కుటుంబంతో జారాలంటే గుమస్తా నెల జీతం చాలదు. ఆ స్థాయికి చేరడానికి వాళ్లకి యాభై ఏళ్లు పట్టింది. చిత్తశుద్ధితో కృషి చేస్తే మనం రెండేళ్లలో సాధించగలం.”

మేం చప్పట్లు కొట్టాం. జీపులో వచ్చినవాళ్లు మాట్లాడితే మా ఊళ్లో చప్పట్లు కొడతారు.

నీలాచలం తాత ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన సూర్యకళకి తాత, తల్లికి తండ్రి, ఉండేదీ వాళ్లింట్లోనే. ఎనభై దగ్గర పడినా కమ్మ మీద కూర్చుంటే నిలువునా దిగేవాడు. “బాబూ, ఉత్తినే దొరికీదానికి డబ్బులెట్టడం దేనికి?” అని అడిగాడు.

“పెద్దాయనా, ఉచితంగా దొరికేదానికి గణాంకాలు ఉండవు. గణాంకాలు లేనిది ప్రభుత్వ దృష్టిలో లేనట్టే. మీ మెట్ట ప్రస్తుతానికి లేదు. దాన్ని మేము ఉండేలా చేస్తాం.”

తాత వెనక్కి తిరిగి మెట్ట వైపు చూశాడు. అది అక్కడే ఉంది. కానీ అంత చదువుకున్న మనిషి లేదంటున్నప్పుడు ఎదురు చెప్పడం బాగుండదని ఊరుకున్నాడు.

మొదట పెట్టింది పదిరూపాయల టిక్కెట్టు. అది కూడా ఎంతమంది దిగుతున్నారో తెలియడం కోసమేనన్నారు. టిక్కెట్లు చింపడానికి స్థానికుడు కావాలన్నారు. ఊళ్లో బీకాం పాసైనవాణ్ని, బమ్మిడి కామేశ్వర్రావుని, అనగా నన్ను వేసుకున్నారు. ఒక స్టూలు, ఒక బల్ల, ఒక గొడుగు ఇచ్చారు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉండేది. ఆ గొడుగు కింద నన్ను చూసే నీలాచలం తాత మనసు మెత్తబడింది. “సర్కారు గొడుగు కిందున్నోడు, పిల్ల ఎండకి ఎండదు, వానకి తడవదు” అని సంబంధం ఖాయం చేశాడు. పైసంవత్సరం వైశాఖంలో ముహూర్తం.

పదిరూపాయలకి ఎవరూ బాధపడలేదు. జనం అంతకుముందులాగే దిగారు. ఆ నెల లెక్కలు చూసి జేడీగారు ఉప్పొంగిపోయారు. ఆ వెంటనే పట్నంనుంచి వచ్చినాయన ఒకడు మెట్ట దిగుతూ సెల్‌ఫోన్‌లో తనని తాను ఫొటో తీసుకోబోయి మోచెయ్యి గీరుకున్నాడు. సున్నం రాస్తే పోయేదే. ఆయన మండలికి ఉత్తరం రాశాడు.

వారం తిరిగేసరికి భద్రతా ఉపసంఘం దిగింది. ముగ్గురు ఇంజనీర్లు ఒక తాటికమ్మని బల్లమీద పడుకోబెట్టి మూడురోజులు పరీక్షించారు. నివేదికలో ఏమని తేలిందంటే, సదరు కమ్మ ఒక వాహనమనీ, సదరు వాహనమునకు బ్రేకు, హారను, వెనుక అద్దము లేవనీ, తయారీదారు ఎవరో తెలియుట లేదనీ.

“బ్రేకేటి బాబూ? కిందికెల్లినాక అదే ఆగిపోద్ది గదా!” అన్నాడు తాత.

“కిందికి వెళ్లకముందు ఆగాలనిపిస్తే?” అన్నారు జేడీగారు.

“మద్దిలో ఆగిపోడానికి పైకెక్కడం దేనికి బాబూ?”

ఆ ప్రశ్న నివేదిక పరిధిలోకి రాదన్నారు. కమ్మ నిషేధించారు. దాని స్థానంలో ఫైబరు జారుడు పలక వచ్చింది. పలకకి అద్దె, శిరస్త్రాణానికి అద్దె, మోకాలి తొడుగులకి అద్దె. అన్నీ తొడుక్కున్నాక మనిషికి పక్కవాళ్లెవరో పోల్చుకోవడం కష్టమయ్యేది. మా మేనత్త ఒకసారి వేరేవాళ్ల ఆయన్ని తీసుకుని ఇంటిదాకా వచ్చేసింది.

అయినా మావాళ్లు దిగారు. ప్రతి ఆదివారానికి బదులు నెలకొక ఆదివారం దిగారు.

అప్పుడు పర్యావరణ ఉపసంఘం వచ్చి, దిగేవాళ్లకన్నా ఎక్కేవాళ్లవల్లే మెట్టకి నష్టం జరుగుతోందని కనిపెట్టింది. కాలు వేసిన ప్రతిచోటా ఇసుక గుంట పడుతోందట. కాబట్టి కాలినడకన ఎక్కుట నిషేధం, రోప్‌వే తప్పనిసరి. నాలుగు స్తంభాలు వేశారు, తీగలు లాగారు, కుర్చీలు వేలాడదీశారు. రోప్‌వే టిక్కెట్టు రానూపోనూ కలిపి ఇచ్చేవాళ్లం.

“సార్, పైకెళ్లినవాళ్లు జారి కిందికొస్తారు కదా, పోను టిక్కెట్టు చాలదా?” అని నేను అమాయకంగా అడిగాను.

“కామేశ్వర్రావుగారూ, కుర్చీ ఖాళీగా కిందికి వస్తుందా, రాదా?”

“వస్తుంది సార్.”

“ఆ ఖాళీ ఎవరిది? జారినవాడిది. తన ఖాళీకి తాను చెల్లించాలి. ఇది ప్రపంచమంతటా అంగీకరించిన సూత్రము.”

నేను ఆ సూత్రాన్ని టిక్కెట్టు వెనక అచ్చు వేయించాను.

ఆ తర్వాత ఇసుక నాణ్యత ఉపసంఘం. మా మెట్ట ఇసుకని జల్లెడపట్టి, రేణువులన్నీ ఒకే సైజులో లేవనీ, కొన్ని గుండ్రంగా, కొన్ని పలకలుగా, కొన్ని ఏ ఆకారమూ లేకుండా ఉన్నాయనీ, అంతర్జాతీయంగా ఇది తలవంపులనీ తేల్చింది. నదీతీరం నుంచి మేలిరకం ఇసుక లారీల్లో రప్పించాలని తీర్మానమైంది. ఇల్లు కట్టుకోడానికి ట్రాక్టరు ఇసుక దొరక్క జిల్లా అంతా అంగలారుస్తున్న రోజులవి. అలాంటి రోజుల్లో ఇసకమెట్ట మీదికి ఇసక తోలారు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా మెట్ట చుట్టూ ఇనపకంచె వేశారు, కంచెకి కాపలా పెట్టారు. ఈ ఖర్చులన్నీ ఎవరిస్తారు? జారేవాళ్లే.

ఫిబ్రవరిలో జరిగిన సమీక్షా సమావేశం నాకు బాగా గుర్తుంది. టిక్కెట్ల లెక్క నేనే చదివాను. మొదటి నెలలో నాలుగు వేలమంది దిగితే, ఆ నెల పదకొండుమంది దిగారు. ఆ అంకె గొంతు తగ్గించి చదివాను. జేడీగారు మాత్రం బల్ల చరిచారు.

“శభాష్! రద్దీ నియంత్రణలోకి వచ్చింది.”

“రుసుము కొంచెం తగ్గిస్తే మళ్లీ జనం వస్తారేమో సార్.”

“జనం కాదు, వినియోగదారులు అనండి. చూడండి, మొత్తం ఖర్చును జారేవాళ్ల సంఖ్యతో భాగించాలి. అదే రుసుము. సంఖ్య తగ్గితే రుసుము పెరుగుతుంది. రుసుము పెరిగితే సంఖ్య తగ్గుతుంది. ఇది గణితం. నా చేతిలో గానీ మీ చేతిలో గానీ లేదు.”

“సంఖ్య సున్నా అయితే ఎలా భాగించాలి సార్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ విషయమై ఆర్థికశాఖ అభిప్రాయం కోరుతూ ఫైలు పెట్టండి” అన్నారు. నేను పెట్టాను. అది ఇంకా వెనక్కి రాలేదు.

మార్చిలో కొత్త హంగులతో ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించి జేడీగారే ప్రామాణిక జారుడు జారారు. శిరస్త్రాణం, మోకాలి తొడుగులు, జారుడు పలక, పక్కన అంబులెన్సు. సగం దూరం వెళ్లాక పలకకున్న బ్రేకు పనిచేసింది. ఆయన మధ్యలో ఆగిపోయారు. నలుగురు వెళ్లి దింపుకొచ్చారు. ఆ ఆర్థిక సంవత్సరంలో ప్రామాణిక పద్ధతిన జారినవాళ్లు ఆయన ఒక్కరే.

ఆ తర్వాత పట్నంనుంచి కార్లలో వచ్చినవాళ్లు కూడా రుసుముల బోర్డు చదివి, దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. బోర్డుతో ఫొటోకి వేరే రుసుము పెట్టాక రావడం మానేశారు.

మా పెళ్లి అనుకున్నట్టే వైశాఖంలో అయింది. తాళి కట్టాను, తలంబ్రాలు పోశాను. మర్నాడు పొద్దున్నే పసుపుబట్టలతో, డప్పులతో మెట్ట దగ్గరికి వెళ్తే గేటుకి తాళం. మేలిరకం ఇసుక కుదురుకోవడానికి నలభై రోజులు మూసేశారు. నోటీసు అంటించింది నేనే. కానీ పెళ్లి హడావిడిలో తేదీ చూసుకోలేదు. డప్పులవాళ్లు అక్కడే కాసేపు వాయించి వెళ్లిపోయారు. సూర్యకళ నాలుగిళ్ల అవతలికి వెళ్లింది. ఆ తర్వాత ఆషాఢం. కొత్తజంట ఎలాగూ వేరుగా ఉండాలి కాబట్టి ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. శ్రావణం నుంచి అనుకోవడం మొదలుపెట్టారు.

ఇద్దరం దిగడానికి ఎంతవుతుందో లెక్క కట్టాను. రోప్‌వే రానూపోనూ, పలక, శిరస్త్రాణాలు, బీమా, ఇసుక వినియోగ పన్ను, ఒకే పలక మీద ఇద్దరు కూర్చుంటారు కాబట్టి అదనపు భార రుసుము. నా జీతం నాలుగు నెలలది. సరే, దాచాను. నాలుగు నెలలది దాచేసరికి రుసుము ఆరు నెలల జీతమైంది. మా ఊరి మెట్ట, మా తాతల మెట్ట, నేను పుట్టాక నడక నేర్చుకున్న మెట్ట. దాని కిందే కూర్చుని రోజుకి ఎనిమిది గంటలు దాన్ని చూస్తూ ఏడుపొచ్చేది.

అప్పుడొక ఉపాయం తట్టింది. జీవితంలో ఉపాయం తట్టినందుకు ఇంత బాధపడ్డది ఎప్పుడూ లేదు. ‘నూతన దంపతుల రాయితీ’ అని ఫైలు పెట్టాను. పెళ్లైన ఏడాదిలోపు జంటలకి తొంభై శాతం తగ్గింపు. స్థానిక సంస్కృతికి ప్రోత్సాహం, ఇరువురికి ఒకే పలక వల్ల పలకల అరుగుదల తక్కువ, వగైరా వగైరా.

జేడీగారు మెచ్చుకున్నారు. “కానీ దుర్వినియోగం? పట్నంలో ఉన్న ప్రతి జంటా దండలేసుకుని వచ్చేస్తే?”

ఇక్కడే ఆగి ఉంటే సరిపోయేది. నేను నిజాయితీపరుణ్ని కదా. అక్కడికక్కడే కలం తీసి ఇలా రాశాను: “ఒకే పలకపై ఇరువురు కూర్చొనుట నూతన దంపతులకు మాత్రమే అనుమతించబడును. వివాహము సంపూర్ణమైనట్లు సంబంధిత గ్రామపెద్ద సంతకముతో కూడిన ధ్రువపత్రము తప్పనిసరిగా జతపరచవలెను. ఎట్టి పరిస్థితులలోను సడలింపు ఉండదు.”

ఆ చివరి వాక్యం ఎందుకు రాశానో నాకిప్పటికీ తెలీదు. గుమస్తా చెయ్యి అలవాటు.

ఉత్తర్వు రాగానే కాగితం పట్టుకుని గంతులేసుకుంటూ నీలాచలం తాత దగ్గరికి వెళ్లాను. ఆయన అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్నాడు. తలుపు వెనక సూర్యకళ గాజులు వినిపించాయి.

“తాతా, ఒక్క సంతకం ఎట్టు.”

“ఏటని?”

“మా పెల్లి అయిపోనాదని.”

“అయిపోనాదేటి?”

“తాళి కట్టినాను గదా తాతా! నువ్వే అచ్చింతలు ఏసినావు.”

“తాళి కట్టినావు బాబూ, కాదన్ను. మట్ట దిగినావా?”

“దిగడానికే గదా ఈ కాయితం!”

“దిగిరా. సంతకం ఎడతాను.”

“కాయితం లేకపోతే దిగనివ్వరు తాతా!”

“దిగకుండా నాను సంతకం ఎడితే అబద్దం కాదేటి?” తాత చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. “ఈ సేత్తోటి రెండొందల పెల్లిల్లు రాసినాను. ఒక్కటీ తప్పు రాయలేదు. మా అమ్మి పెల్లే తప్పు రాయమంటావా? రేపు పుస్తకం సూసినోల్లు నీలాచలం ఇంటికాడికొచ్చీసరికి నేయం మర్సిపోనాడంటారు.”

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. రాయాలని నాకన్నా ఆయనకే ఎక్కువ ఉంది. ఆ సంగతి తెలిశాక గట్టిగా అడగలేకపోయాను.

మర్నాడు నిబంధన సడలించమని జేడీగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. ఆయన ఉత్తర్వు పైనుంచి కిందికి చదివారు, మళ్లీ కిందినుంచి పైకి చదివారు.

“ఇది ఎవరు రాశారు?”

“నేనే సార్.”

“అద్భుతంగా రాశారు. ఎక్కడా సందు లేదు.”

అలా ఆశ్వయుజం గడిచింది. ఊళ్లోవాళ్లు తలో సలహా ఇచ్చారు. వేరే ఊరి దిబ్బ మీద దిగి రమ్మన్నారు కొందరు. పొరుగూరి దిబ్బ మీద దిగిన పెళ్లి మన పుస్తకంలో ఎలా రాస్తామని తాత అన్నాడు. పుస్తకమే మార్చేద్దామన్నారు మరికొందరు. ఆ మాటకి మా అమ్మ ఒప్పుకోలేదు. తను పదకొండుసార్లు ఎక్కి దిగింది ఊరికేనా అంది.

కార్తీకమాసంలో ఒకరోజు మధ్యాహ్నం, ఒకటో తారీకు నుంచి రుసుములు రెట్టింపు అని బోర్డు మీద నోటీసు అంటిస్తున్నాను. వెనక ఎవరో నిలబడి చదువుతున్నారనిపించి తిరిగి చూస్తే సూర్యకళ. పసుపుచీర కట్టుకుంది. భుజాన ఎండిన తాటికమ్మ. నోటీసు చివరిదాకా చదివింది.

“జీతం ఎన్నాల్లనుంచి దాస్తన్నావు?” అంది.

“పెల్లయిన నెలనుంచి.”

“నువ్వు దాసినకొద్దీ ఆల్లు పెంచుతున్నారు. నాకు జుట్టు నెరిసీసరికైనా అందుద్దేటి?”

“ఏదో ఒకటి సేస్తాను సూర్యకలా. పై ఆఫీసుకి అర్జీ ఎట్టినాను...”

“అర్జీ!” కమ్మ కింద పడేసింది. “ఆరు నెల్లనుంచి కులాయికాడ కాపరం సేస్తన్నాను నీతోటి. ఊల్లో ఆడోల్లు బిందె ఎత్తినప్పుడల్లా నన్ను సూసి నవ్వుతున్నారు. ఒక్క మాట సెప్పు. నువ్వు టిక్కెట్లు సింపీవోడివా? నా మొగుడివా?”

జేడీగారు లోపల తనిఖీలో ఉన్నారు. నాకు తెలుసు. నా చేతిలో జిగురు డబ్బా ఉంది. ఉద్యోగం, నెలనెలా వచ్చే జీతం, గొడుగుకి బదులిచ్చిన కిటికీ ఉన్న గది, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. జిగురు డబ్బా బల్ల మీద పెట్టి, మూత బిగించి, గది తలుపు దగ్గరగా వేసి, తాళం తీసి కంచె గేటు తెరిచాను. కాపలావాడు మా చిన్నాన్న కొడుకే. వాడు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

మేం నడిచి ఎక్కాం. మేలిరకం ఇసకలో కాళ్లు మోకాళ్లదాకా దిగబడ్డాయి. రేణువులన్నీ ఒకే సైజులో ఉంటే కాలికి పట్టు దొరకదని అప్పుడే తెలిసింది. పైకి చేరేసరికి కింద కంచె అవతల ఊరు సగం వచ్చేసింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. మా అమ్మ కూడా ఉంది, మంచినీళ్ల చెంబుతో.

సూర్యకళ ముందు కూర్చుని మట్ట రెండు చేతులతో పట్టుకుంది. నేను వెనక కూర్చుని ఆవిడ నడుం పట్టుకున్నాను. తాళి కట్టాక ఆరు నెలల్లో ఆవిడని ముట్టుకోవడం అదే మొదటిసారి.

“గట్టిగా పట్టుకో. ఇడిసినావంటే మల్లా ఎక్కించీలేను” అంది.

దిగాం. ఎలా దిగామో చెప్పలేను. చెవుల్లో గాలి, మొహం మీద ఆవిడ జడ, కంట్లో ఇసక, ఆవిడ నవ్వు. సగం దూరంలో కమ్మ పక్కకి వాలింది, నా ఎడంకాలు ఇసకలో రాసుకుంది, ఆవిడ మట్టని ఇటు లాగింది, కమ్మ మళ్లీ నిలదొక్కుకుంది. నేను గట్టిగా అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. ఊరంతా ఇప్పుడు నన్ను ఆ అరుపుతోనే వెక్కిరిస్తారు. కిందికి చేరేసరికి ఇద్దరం ఒకరి మీద ఒకరున్నాం గానీ విడిపోలేదు. ఒక్కసారికే దిగాం! మా అమ్మ ఏడుస్తూ నాన్న వైపు గుర్రుగా చూసింది.

మా ఎదురుగా రెండు జతల కాళ్లు కనిపించాయి. ఒకటి బూట్లు, ఒకటి చెప్పుల్లేనివి.

బూట్ల జేడీగారు నోటుబుక్కు తీశారు. “కాలినడకన ఎక్కుట, ఒకటి. నిషేధిత వాహన వినియోగము, రెండు. శిరస్త్రాణరాహిత్యము, మూడు. రోప్‌వే తిరుగు ఖాళీకి చెల్లించకపోవుట, నాలుగు. ధ్రువపత్రము లేకయే ఇరువురు ఒకే వాహనముపై కూర్చొనుట, అయిదు.”

నీలాచలం తాత అదేమీ వినలేదు. ఇసకలో చతికిలబడి, ఒళ్లో పుస్తకం తెరిచి, కళ్లజోడు సరిచేసుకుని, మా ఇద్దరి పేర్లూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. సంతకం పెట్టాడు. తర్వాత నా జేబులోంచి ఆ ధ్రువపత్రం తనే తీసుకుని దాని మీదా పెట్టాడు.

“ఇప్పుడు నిజం” అన్నాడు.

జేడీగారు ఆ కాగితం అందుకుని పరిశీలించారు. ఆయన మొహం వికసించింది. “భేష్! పత్రము సక్రమముగా ఉన్నది. ఈ క్షణం నుంచి మీరు రాయితీకి అర్హులు. మనఃపూర్వక అభినందనలు. అయితే అపరాధ రుసుముకు రాయితీ వర్తించదు.”

అపరాధ రుసుము నేను దాచుకున్న జీతంలోంచి కట్టించుకున్నారు. ఉద్యోగంలోంచి తొలగించారు. తొలగింపు ఉత్తర్వు టైపు చేయడానికి ఆఫీసులో నేను తప్ప వేరే గుమస్తా లేడు కాబట్టి నన్నే టైపు చేయమన్నారు. చేశాను. ఎక్కడా సందు లేదని ఆయన మరోసారి మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే సూర్యకళ మా ఇంటికి వచ్చింది. నాలుగిళ్లు దాటి రావడానికి మాకు ఎంత పట్టిందో మీకు తెలుసు. ఇప్పుడు నేను జీడితోటలో కూలికి వెళ్తున్నాను. ఉద్యోగం పోయినందుకు ఎప్పుడైనా దిగులనిపిస్తే ఆవిడ పొయ్యి ముందు నుంచి నా అరుపు అరిచి చూపిస్తుంది. నవ్వొస్తుంది. ఆ కాసేపూ దిగులు ఉండదు.

ఉగాది వెళ్లాక మండలి వార్షిక నివేదిక వచ్చింది. కాపలావాడు ఒక ప్రతి తెచ్చిచ్చాడు. అందులో మేమున్నాం. అపరాధ రుసుము కూడా రుసుమే కాబట్టి మమ్మల్ని వినియోగదారుల కింద చూపించారు. కొత్త హంగుల ప్రారంభోత్సవము తరువాత గత సంవత్సరము జారినవారు ఒకరు, ఈ సంవత్సరము ఇద్దరు, వెరసి వృద్ధి నూరు శాతము. ఇంతటి గిరాకీని దృష్టిలో ఉంచుకుని, వచ్చే నెల నుంచి రుసుములూ అపరాధ రుసుములూ మూడు రెట్లు చేయడమైనది.

నేను చదువుతూ ఉండగా మా బావమరిది సింహాద్రి వచ్చాడు. సూర్యకళకి తమ్ముడు. వేట లేనప్పుడు తాళ్లు పేనుకుంటాడు. ఈ వైశాఖంలోనే వాడి పెళ్లి. గుమ్మంలోనే నిలబడి, చేతులు నలుపుకుంటూ, “బావా, నువ్వెలాగ దిగినావు?” అని అడిగాడు.

“ఉద్యోగం ఇచ్చేసి దిగినాన్రా” అన్నాను.

“నాకు ఉద్యోగం లేదు గదా బావా. నానేటిచ్చి దిగాలి?”

సూర్యకళ పొయ్యి దగ్గర నుంచి నా వైపు చూసింది. నేను నివేదిక మడిచి పక్కన పెట్టి, వాణ్ని లోపలికి వచ్చి కూర్చోమన్నాను.